నల్ల కొమ్ము మాత్ర

లిపోవ్ డోల్
9 మార్చి 1981

వెండెల్‌కు,

ముందుగా నా చేతిరాతను, అక్షర దోషాలను మన్నించండి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. పైగా ఈ పెన్ను అత్తయ్యది, సిరా కక్కుతోంది. మూడు కాగితాలు రాసి పొయ్యిలో వేశాను. ఇది నాలుగోది.

ఇక్కడ మంచు కరిగింది. కొండవాలు మీద మన రై చేను పచ్చగా లేచింది. ఈ ఏడు కూడా అది రొట్టెల పిండికి కాదు, కొమ్ము పంటకే. కిందటేడు మన కంకుల్లో గింజకు బదులు బూజు కట్టగా ఏరిన నల్ల కొమ్ము అన్ని ఊళ్లకన్నా శుభ్రంగా ఉందని మందుల ఫ్యాక్టరీ వాళ్లు సహకార సంఘానికి చెప్పారట. అత్తయ్య ఆ మాట పక్కింటి వెరోన గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పింది, వినబడలేదేమోనని. నిన్న మహిళా దినోత్సవమని సంఘంలో ఆడవాళ్లందరికీ తలా ఒక ఎర్ర పువ్వు ఇచ్చారు. అత్తయ్య తన పువ్వు తెచ్చి ఆవుకు పెట్టింది. అదీ ఆడదేగా అంది.

మీకొక సంగతి చెప్పాలి. ఎలా రాయాలో తెలియడం లేదు. మీరు క్రిస్మస్‌కు వచ్చి వెళ్లాక నాకు నెలసరి లేదు. తలనొప్పిగా ఉంటోంది. ఇంకొకటి కూడా ఉంది. తల్లులకు వచ్చేది నాకు వస్తోంది. రోజూ బ్లౌజు మార్చుకోవలసి వస్తోంది. ఇంతకన్నా రాయలేను. మీరే అర్థం చేసుకోండి.

మీ గదిలో ఇంకా ముగ్గురు ఉంటారని చెప్పారు. చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి.

మీ
త్రేజా


ఇటుకల ఫ్యాక్టరీ వసతి, బవేరియా
18 మార్చి 1981

నా బంగారు త్రేజా,

కాల్చేయమన్నావు. ఇలాంటి ఉత్తరాన్ని ఎవడైనా కాలుస్తాడా? చొక్కా జేబులో పెట్టుకుని పనికి వెళ్లాను. ఇప్పుడు దానికి ఇటుక రంగు వచ్చింది.

చదివి మంచం మీద అలాగే కూర్చుండిపోతే పక్క మంచం ఇస్మెత్, అదే ఆ టర్కీ అతను, కంగారుపడ్డాడు. "ఏంటి వెండెల్, ఊళ్లో ఎవరైనా పోయారా?" అన్నాడు. "పోలేదురా, వస్తున్నారు" అన్నాను. వాడు నన్ను ఎత్తి తిప్పేశాడు. వాడికి నలుగురు పిల్లలు, కాబట్టి నాకు సలహాలు మొదలయ్యాయి. రాత్రిళ్లు నిద్ర ఉండదట. ఇక్కడ ముగ్గురి గురకలో నాకు ఎలాగూ ఉండటం లేదు.

లెక్క వేశాను, సెప్టెంబరు. ఉయ్యాల నేనే చేస్తాను. బట్టీలో పాత బీచ్ చెక్క పలకలు చాలా ఉన్నాయి, ఫోర్‌మన్ తీసుకోమన్నాడు. తలనొప్పికి భయపడకు, మా అక్కకూ అంతే. అమ్మకు నిన్ననే రాసేశాను. నీకు సిగ్గు కదా, నీ బదులు నేనే చెప్పేశాననుకో.

నాన్న కాబోతున్న
నీ వెండెల్


ఆసుపత్రి, ల్యుబ్లానా
14 ఏప్రిల్ 1981

వెండెల్‌కు,

మీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది. జవాబు రాసే ధైర్యం ఇప్పటికి వచ్చింది. మీకు కలిగిన సంతోషాన్ని నేను తీసేయాలి. బిడ్డ లేదు. ఎప్పుడూ లేదు. సిగ్గుపడి నేను సగమే రాశాను, మిగతా సగం మీరు పూరించుకున్నారు. తప్పు నాదే.

మీ ఉత్తరం నాకు అందిన రోజే అత్తయ్యకూ అందింది. నేను నోరు తెరిచేలోపు వెరోన కోడిని కోసి సూపు తెచ్చింది. ముగ్గురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని చూస్తుంటే ఆ గిన్నె మొత్తం తాగాను. కాదని చెప్పే నోరు నాకు లేకపోయింది.

మర్నాడు ఒక్కదాన్నే పట్నం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పరీక్ష చేసి కడుపు లేదని చెప్పింది. తర్వాత నా ముక్కు వంకే చూడు అని, తన వేలు నా చెవి పక్కనుంచి ముందుకు తెస్తూ ఎప్పుడు కనబడితే అప్పుడు చెప్పమంది. దాదాపు కళ్లముందుకు వచ్చేదాకా నాకు కనబడలేదు. ఆవిడ మొహం మారిపోయింది. ఆ వారంలోనే ఇక్కడికి పంపారు.

ఇక్కడ ప్రొఫెసర్ కోబాల్ అని ఒకాయన ఉన్నారు. పొడుగ్గా ఉంటారు, మాట గొణుగుతారు, కానీ అర్థం కాలేదంటే విసుక్కోరు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. రెండు కళ్ల వెనక, మెదడు కింద, గుర్రపు జీనులాంటి చిన్న ఎముక ఉంటుందట. దాని మీద బఠాణీ గింజంత గ్రంథి కూర్చుని ఉంటుంది. పాలు ఎప్పుడు రావాలి, నెలసరి ఎప్పుడు రావాలి అన్నది అక్కడే తేలుతుందట. నాకు అక్కడ చెర్రీ పండంత గడ్డ పెరిగింది. క్యాన్సర్ కాదు. కానీ బిడ్డ లేకుండానే పాలు రప్పిస్తోంది, చూపు నరాన్ని కింద నుంచి నొక్కుతోంది.

మెదడు ఎప్పుడూ ఆ గ్రంథికి 'పాలు వద్దు' అని కబురు పంపుతూనే ఉంటుందట. ఆ కబురు అందుకోవడానికి గ్రంథి కణాల మీద తలుపుల్లాంటివి ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారని కాగితం మీద రాసి ఇచ్చారు. ఒక్కో కబురుకు ఒక్కో రకం తలుపు. నా గడ్డకు ఆ కబురు చాలడం లేదు. అందుకని మాత్ర ఇస్తున్నారు. అది వెళ్లి అదే తలుపు దగ్గర నిలబడి అదే మాట గట్టిగా చెబుతుంది. తలుపులు సరిపడా ఉంటే గడ్డ విని ముడుచుకుపోతుంది. కొందరి గడ్డలకు తలుపులు బాగా తక్కువట. అప్పుడు ముక్కులోంచి వెళ్లి కోసి తీయాలి. నాకు ఉన్నాయో లేవో మాత్ర వేసి చూస్తే గాని తెలియదు. జూన్ వరకే చూస్తారు. ఎక్కువ ఆగితే చూపు పోతుంది, పోయినది తిరిగి రాకపోవచ్చు అన్నారు.

ఆ మాత్ర దేని నుంచి చేస్తారో తెలుసా? మన నల్ల కొమ్ము నుంచి. ఆ మాట విని నేను నర్సుకు నా చేతులు చూపించాను. "ఈ చేతులతో ఏరినదే" అన్నాను. ఆమె నవ్వి, "అయితే నీ మందు నువ్వే పండించుకున్నావన్నమాట" అంది. ఆ రోజంతా నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

ఎల్లుండి ఇంటికి పంపుతారు. పాలు, నెలసరి అంటూ ఇంత బాహాటంగా రాసినందుకు సిగ్గేస్తోంది. ఇదైనా కాల్చేయండి.

మీ
త్రేజా


ఇటుకల ఫ్యాక్టరీ వసతి
3 మే 1981

త్రేజా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీకోసం బెంగపడ్డాను. తర్వాత అమ్మ ఉత్తరం వచ్చింది.

తిన్నది కక్కేస్తున్నావట. లేచి నిలబడితే తూలుతున్నావట. పిండి డబ్బా వెనక మాత్రలు దాచుకున్నావట. ఇవేంటే అని అడిగితే కొమ్ము మాత్రలు అన్నావట.

నేను నీకన్నా ఎక్కువ చదవలేదు గానీ నేనూ లిపోవ్ డోల్‌లోనే పుట్టాను. మన దగ్గర ఆడది కొమ్ము మింగేది ఎందుకో పెరట్లో కోళ్లకు కూడా తెలుసు. అమ్మ పెద్దమ్మ మంత్రసాని. కాన్పు రాకపోతే ఒక గింజ, కడుపు దించుకోవాలంటే నాలుగు గింజలు. బిడ్డ అన్నట్టు రాశావు. తర్వాత లేదన్నావు. ఇప్పుడు కొమ్ము మింగి వాంతులు చేసుకుంటున్నావు. ఈ మూడూ వరసగా పెట్టి నువ్వే చదువుకో. తలుపులు, జీను, చెర్రీ పండు, ఇవన్నీ ఎవరు చెప్పమన్నారు నీకు?

అంతకన్నా చెడ్డ ప్రశ్న ఇంకొకటి ఉంది. అమ్మ అడగలేదు, నేనూ రాయను.

ఆగస్టులో సెలవుకు వస్తాను. అప్పటిదాకా ఆ మాత్రలు ముట్టుకోవద్దు. నా మాటకు విలువ ఉంటే.

వెండెల్


లిపోవ్ డోల్
16 జూన్ 1981

వెండెల్‌కు,

మీ మాటకు విలువ ఇచ్చాను. పదమూడు రోజులు మాత్ర ముట్టలేదు. ఆ పదమూడు రోజుల్లో ఏం జరిగిందో రాస్తాను. ఇది గదిలో అందరి ముందూ గట్టిగా చదువుకున్నా నాకు ఫరవాలేదు.

కొమ్ము ఎందుకు మింగుతారో నాకూ తెలుసు. నేనూ ఈ కొండల్లోనే పుట్టాను. కానీ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ సంగతి నా తలలోకే రాలేదు. నా కడుపులో ఎవరూ లేరని నాకు తెలుసు కాబట్టి. మీ ఉత్తరం చదివాకనే వచ్చింది. మీరు రాయని ప్రశ్న కూడా చదివాను. దానికి జవాబు రాయను. అడగవలసిన ప్రశ్న కాదది.

మే ఇరవై ఒకటిన రై పూతకు వచ్చింది. పెద్ద చేలల్లో మిషను తిప్పారు గానీ మన వాలు మీదకు అది ఎక్కదు కదా, అత్తయ్య, నేను ఎప్పటిలాగే సూదుల పలకలు పట్టుకున్నాం. కొమ్ము విత్తనం కలిపిన నీళ్లలో పలక ముంచడం, కంకిని రెండు పలకల మధ్య నొక్కడం, ముందుకు జరగడం. మధ్యాహ్నానికి వెనక నుంచి అత్తయ్య అరిచింది.

"ఏమే, రెండు పక్కలా కంకులు వదిలేసుకుంటూ పోతున్నావు. కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?"

"ముందే ఉన్నాయి అత్తయ్యా. పక్కలకే కనబడటం లేదు."

ఆవిడ పలక కింద పడేసి వచ్చింది. నా చెవి పక్కన చెయ్యి పెట్టి, "ఎన్ని వేళ్లు?" అంది.

"చెయ్యి ఎక్కడుంది?" అన్నాను.

అత్తయ్య నన్ను తన వైపు తిప్పుకుంది. నా బ్లౌజు మళ్లీ తడిసి ఉంది, అదీ చూసింది. "కడుపు పోగొట్టుకున్నావనుకున్నానే. పోతే పాలు ఆరిపోవాలిగా, ఇన్ని నెలలా?" అంది.

"కడుపే లేదు అత్తయ్యా. నాతో ల్యుబ్లానా రండి. డాక్టర్ని మీరే అడగండి. నన్ను నమ్మొద్దు."

ఆ మాట నేలను చూస్తూ అనలేదు. ఆవిడ మొహం చూస్తూ అన్నాను. ఆ రాత్రే మాత్ర మళ్లీ మొదలుపెట్టాను.

జూన్ రెండున ఇద్దరం రైలెక్కాం. అత్తయ్య నల్ల పట్టు రుమాలు కట్టుకుంది, ఒడిలో డాక్టరుకని గుమ్మడి గింజల నూనె సీసా పెట్టుకుంది. ప్రొఫెసర్ గదిలో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అయ్యా, ఈ కొమ్ము దేనికి వాడతారో నాకు తెలియదనుకోకండి. నలభై ఏళ్లుగా ఏరుతున్నాను. మా పెద్దమ్మ మంత్రసాని."

"అయితే మీకు నాకన్నా ఎక్కువే తెలుసమ్మా. నేను దాన్ని పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు."

అత్తయ్య రుమాలు అంచు ముడి విప్పింది. నాలుగు నల్ల కొమ్ములు తెచ్చింది. ఆయన ఒకటి తీసి వాసన చూసి మొహం చిట్లించారు.

"ఎలుక కంపు కదూ. మంచి సరుకు అలాగే ఉంటుంది" అంది అత్తయ్య.

ఆయన నవ్వి వివరంగా చెప్పారు. కొమ్ములో ఒకటి కాదు, చాలా రకాల మందులు కలిసి ఉంటాయట. గర్భసంచిని బిగించేది ఒకటి, దాని తలుపులు వేరు. ఫ్యాక్టరీలో ఇంకొకదాన్ని వేరుచేసి, దాన్ని కాస్త మార్చి, ఈ గ్రంథి తలుపుకు సరిపోయేట్టు చేస్తారు. వాంతులు, తూలడం ఆ మాత్ర మొదట్లో చేసే అల్లరి, అన్నం మధ్యలో వేసుకుంటే తగ్గుతుంది.

"ఈ పిల్ల గడ్డకు ఆ తలుపులు ఉన్నాయని మీకెలా తెలుసు?" అంది అత్తయ్య.

"ముందుగా తెలియదమ్మా. వేసి చూడాల్సిందే."

"మాదీ అదే కథ. విచ్చుకున్న పూతలోనే కొమ్ము పడుతుంది. గింజ కట్టడం మొదలైన కంకికి ఎన్ని సూదులు పొడిచినా పట్టదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి."

ఆయన పెన్ను తీసి ఆ మాట రాసుకున్నారు. నిజంగా రాసుకున్నారు వెండెల్, మీ అమ్మ మాటను. ఆవిడ అప్పుడు కూర్చుంది.

తర్వాత పట్నం డాక్టరమ్మ తీసి పంపిన నా రక్తం ఫలితాలు వరసగా పెట్టారు. మాత్ర మొదలుపెట్టిన నాలుగో వారానికి పాల హార్మోను సగానికి పైగా పడిపోయింది. మధ్యలో మళ్లీ ఎగబాకింది. ఆయనకు అర్థం కాలేదు. "మాత్ర మానేశారా?" అని అడిగారు. అత్తయ్య చెప్పింది: "మానేసింది. నా కొడుకు మానేయమన్నాడు. వాడికి చెప్పింది నేను."

ఆయనకు కోపం వచ్చింది. ఇంకొక్కసారి ఇలా చేస్తే చూపుకు తాను పూచీ కాదన్నారు. కోపం దిగాక ఆ కాగితాలే మళ్లీ చూసి, నెమ్మదిగా అన్నారు: "ఇస్తే దిగింది, ఆపితే ఎక్కింది. అంటే గడ్డ వింటోంది. తలుపులు ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి." కోత వాయిదా వేశారు. ఆగస్టు మొదట్లో మళ్లీ చూస్తారు.

తిరుగు రైల్లో అత్తయ్య నా మాత్రల డబ్బా తన సంచిలో వేసుకుంది. ఇప్పుడు పూటపూటకూ ఆవిడే లెక్కపెట్టి, అన్నం మధ్యలో నా చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడుతోంది. నేను చిన్నపిల్లను కాదన్నాను. "నువ్వు కాదు, నేనూ నా కొడుకూ చిన్నపిల్లలం" అంది.

త్రేజా


ఇటుకల ఫ్యాక్టరీ వసతి
28 జూన్ 1981

త్రేజా,

అమ్మ నాలుగు పేజీలు రాసింది. మూడు పేజీలు తిట్లే. నాలుగో పేజీలో తనను తాను తిట్టుకుంది. జీవితంలో ఆవిడ అలా రాస్తుందనుకోలేదు.

ఫ్యాక్టరీ డాక్టరుకు నీ ఏప్రిల్ ఉత్తరంలోని సంగతులు చెప్పాను. వచ్చీరాని జర్మన్‌లో జీను, చెర్రీ, తలుపులు అంటూ చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి, నీ భార్యకు ఇవన్నీ ఎవరు నేర్పారు అన్నాడు. ఆవిడే నేర్చుకుంది అన్నాను. ఒక మనిషికి పదమూడు రోజుల చూపు నా మాట వల్ల పోయింది. దాన్ని ఏ కాగితం మీద క్షమించమని అడగాలో తెలియదు.

ఇంకొక సంగతి ఉంది, తిట్టకు. ఇక్కడ అందరికీ బిడ్డ అని చెప్పాను కదా. మే నెలలో వాళ్లు అడుగుతుంటే పోయిందని చెప్పేశాను. లేనేలేదని చెప్పడం నాకు చేతకాలేదు, నవ్వుతారనిపించింది. ఇస్మెత్ కళ్లనీళ్లు పెట్టుకుని నాకోసం ప్రార్థన చేశాడు. ఆగస్టులో వాడు కారులో టర్కీ వెళ్తూ నన్ను మన గుమ్మంలో దింపుతాడు. నీకు ఓదార్పు చెప్పాలంటున్నాడు. ఒక్క గంట, కాస్త దిగులుగా ఉండగలవా? నాకోసం.

నీ
వెండెల్


లిపోవ్ డోల్
11 ఆగస్టు 1981

వెండెల్‌కు,

కొమ్ము ఏరడం రెండో దఫా నడుస్తోంది. వేళ్లు నల్లబడి ఉన్నాయి, కాగితం మీద మరకలు అవే.

ఆగస్టు నాలుగున వెళ్లి వచ్చాను. పెద్ద గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, లోపల చిన్న వెలుగు కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. మార్చి కాగితం, ఇప్పటి కాగితం పక్కపక్కన పెట్టి చూపించారు. మార్చిలో రెండు వైపులా నలుపు. ఇప్పుడు కుడివైపు అంచున గోరంత నలుపు తప్ప అంతా తెలుపు. చెర్రీ పండు ఇప్పుడు బఠాణీ కన్నా కొంచెమే పెద్దదట. కోత అక్కరలేదు. పాలు ఆగిపోయాయి. జులై పంతొమ్మిదిన నెలసరి వచ్చింది. ఇలా రాయాలంటే ఒకప్పుడు నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మాత్ర చాలా ఏళ్లు వేసుకోవాలి. బిడ్డను కనవచ్చా అని నేనే అడిగాను. కనవచ్చు, తెలిసిన రోజే వచ్చి చెప్పాలి, ఆ నెలల్లో చూపును కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. మీకు కావలసిన జవాబు ఇది. కానీ మీకన్నా ముందు నాకు కావలసింది.

ఆ రోజు ఇంకొకటి జరిగింది. ప్రొఫెసర్ నన్ను మెట్లు మెట్లుగా బల్లలున్న గదికి తీసుకెళ్లారు. నలభై మంది తెల్ల కోట్ల విద్యార్థులు. ఆయన గొణుగుడు వెనక బల్లల వాళ్లకు వినబడలేదు. ఒకమ్మాయి గట్టిగా మాట్లాడమంది. ఆయన నా వైపు తిరిగి, "మీరు చెప్పండి, మీకు గొంతు ఉంది" అన్నారు. నాకు గొంతు ఉందని నాకు తెలియదు. లేచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక సూదుల పలక దగ్గర మొదలుపెట్టాను. కంకి, కొమ్ము, మాత్ర, తలుపు, వరసగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు, రాసుకున్నారు. ఒకబ్బాయి, "అన్ని గడ్డలూ ఇలాగే వింటాయా?" అని అడిగాడు. వినవన్నాను. ఏప్రిల్‌లో నా పక్క మంచం ఆవిడది వేరే హార్మోను గడ్డ. చేతులు పెరిగి పెళ్లి ఉంగరం కోసి తీయవలసి వచ్చింది. ఆవిడ గడ్డ ఈ మాత్ర మాట వినలేదు, కోశారు, ఇప్పుడు బాగుంది. మందు ఒకటే కదా అని అందరికీ ఒకే మాట చెప్పకూడదు, గడ్డకు ఏ తలుపు ఉందో ముందు చూడాలి అన్నాను. ప్రొఫెసర్ చప్పట్లు కొట్టలేదు గానీ పెన్ను మూత పెట్టేసి, ఇవాళ్టికి పాఠం ఇదే అన్నారు.

ఇక మీరు అడిగింది. ఉండలేను. లేని బిడ్డకు దిగులు నటించలేను. మన ఊళ్లో నిజంగా బిడ్డలను పోగొట్టుకున్న వాళ్లున్నారు, వాళ్ల ముఖం నేను అరువు తెచ్చుకోను. ఇస్మెత్ మంచివాడు, మీకోసం కన్నీళ్లు పెట్టుకున్న మనిషి. అతనికి దారిలో కారులోనే నిజం చెప్పండి. బిడ్డ పోలేదని, నా భార్య తలలో గడ్డ ఉండేదని, తన చేతులతో ఏరిన కొమ్ము మింగి దాన్ని లొంగదీసిందని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. మన గుమ్మంలో దిగేసరికి అతని కళ్లలో జాలి కనబడితే, మీరు చెప్పలేదని నాకు తెలిసిపోతుంది. అప్పుడు కాఫీ ఇచ్చి నేనే చెబుతాను. సూదుల పలక దగ్గర్నుంచి మొదలుపెడతాను, గంట పడుతుంది.

నా కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. మీరు వచ్చి రెండు వరసలు నా పక్కన ఏరితే తగ్గుతుందేమో చూడాలి.

ఇరవై నాలుగున ఉదయం తొమ్మిదింటికి నాకు మళ్లీ రక్తపరీక్ష. అత్తయ్య ఈసారి రానంటోంది, నీ మొగుడి వంతు అంటోంది. కాబట్టి మీరు వస్తున్నారు. నూనె సీసా మీరే మోయాలి. ఒక్క మాట ముందుగా చెబుతున్నాను, అక్కడ నొచ్చుకోకండి. ఆ ఆసుపత్రిలో మిమ్మల్ని ఎవరూ వెండెల్ అని పిలవరు. గేటు దగ్గర మనిషి నుంచి ప్రొఫెసర్ దాకా అందరూ త్రేజా భర్త అనే అంటారు.

త్రేజా